తెల్లబారిన రీఫ్ ట్యాంకు: ఒకే రంగు, రెండు కారణాలు

ఇళ్లలోని ఉప్పునీటి అక్వేరియంల, పగడాలు పెంచే రీఫ్ ట్యాంకుల బాగోగులు చూడటం నా వృత్తి. నీరు తెల్లబడిందంటూ వచ్చే పిలుపుల్లో ఎక్కువ భాగం చిన్న విషయాలే. కొత్త ఇసుకను సరిగా కడగకపోవడం, నీటిని ట్యాంకులోకి తిరిగి పంపే రిటర్న్ పంపు గాలి పీల్చి సన్నని బుడగలు వదలడం, నీటిలో ప్రవాహం పుట్టించే వేవ్‌మేకర్ కిందికి వాలి అడుగు ఇసుకను లేపడం వంటివి. అవి అరగంటలో తేలిపోతాయి. ఈ కేసు అలాంటిది కాదు. ఒకే ట్యాంకులో, కొద్ది రోజుల తేడాతో, కంటికి తేడా తెలియని తెలుపు రెండుసార్లు వచ్చింది. మొదటిసారి నీటిని తేర్చిన పద్ధతి రెండోసారికి ఏ మాత్రం పనికిరాదు. అందుకే ఏ దశలో ఏం ఆలోచించి ఏ నిర్ణయం తీసుకున్నామో వివరంగా రాస్తున్నాను. యజమానిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

ట్యాంకు, దాని కింద క్యాబినెట్‌లో ఉండే తొట్టి (సంప్) కలిపి సుమారు 340 లీటర్ల నీరు. ఏడాదిన్నర దాటిన ట్యాంకు. బ్యాక్టీరియా నివసించే రాళ్లు (లైవ్ రాక్), పలచని ఇసుక పొర, మెత్తని పగడాలు, పెద్ద పాలిప్‌ల (పగడంలోని మెత్తని జీవుల) గట్టి పగడాలు, పైన వెలుతురు బాగా తగిలేచోట అక్రోపోరా అనే కొమ్మల పగడం కొమ్మలు రెండు మూడు. క్లౌన్ చేపల జత ఒకటి, ఒక టాంగ్, ఇసుకలో బొరియ చేసుకున్న గోబీ, దాని తోడు రొయ్య. నీటిలోకి గాలి బుడగలు పంపి మలినాన్ని నురగగా పైనున్న కప్పులోకి చేర్చే ప్రొటీన్ స్కిమ్మర్ ఉంది, అతినీలలోహిత కాంతితో బ్యాక్టీరియాను చంపే యూవీ గొట్టం లేదు. ద్రావణాలను కొలత ప్రకారం పోసే నాలుగు తలల డోసింగ్ పంపు ఉంది. మొదటి తల ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) పెంచే ద్రావణానికి, రెండోది క్యాల్షియానికి, మూడోది అమైనో ఆమ్లాలకు. నాలుగోది వాడకంలో లేదని చెప్పారు.

యజమాని శ్రద్ధ ఉన్న మనిషి. వారం వారం పరీక్షలు చేసి పుస్తకంలో రాసుకుంటారు. ఆర్‌ఓ నీటిలో కరిగిన ఘనపదార్థాల కొలత సున్నా చూపిస్తేనే ఉప్పు కలుపుతారు. ఆ పుస్తకం లేకపోతే ఈ కేసు సగం కూడా తెమిలేది కాదు.

వచ్చిన సమస్య

మూడు వారాల కిందట వెనక అద్దం కాస్త మసకగా కనిపించిందట. వారం తిరిగేసరికి నీరు పలచటి పాలలా మారింది. నేను చూసేనాటికి ఒక చివర నిలబడితే రెండో చివరనున్న రాయి ఆనవాలు తెలియడం లేదు. ఆకుపచ్చ ఛాయ లేదు, దుర్వాసన లేదు. పెద్ద పాలిప్‌ల పగడాలు సగం ముడుచుకున్నాయి. యజమాని ఆందోళనంతా నీటి రంగు గురించే. నన్ను మాత్రం ఆవిడ మాటల మధ్యలో అన్న ఒక వాక్యం ఆపింది: పొద్దున లైట్లు వెలిగే వేళకు చేపలన్నీ నీటి పైకి చేరి నోళ్లు ఆడిస్తున్నాయట. మబ్బు నీటిలో పగడాలు కొన్నాళ్లు ఓర్చుకుంటాయి. ఊపిరాడని చేప ఒక రాత్రి కూడా ఆగదు.

అప్పటికే చేసినవి, అవి ఎందుకు పనిచేయలేదు

ఆవిడ చాలానే చేశారు. వాటిలో పిచ్చి పని ఒక్కటీ లేదు. ఎవరైనా చేసేవే, ఒక్కోదానికీ ఒక్కో తర్కం ఉన్నవే. కానీ అవి ఫలించని తీరులోనే రోగనిర్ణయం దాగి ఉంది కాబట్టి ఒక్కోటీ విడిగా చూడాలి.

మొదట నీరు మార్చారు, 25 శాతం చొప్పున, పదే పదే. మార్చిన పూట బాగుండి, మర్నాటికి మళ్లీ మొదటికొచ్చేది. తెలుపుకు కారణం దుమ్మో ధూళో అయితే నాలుగో వంతు తీసేసినప్పుడు ఆ మేరకు శాశ్వతంగా తగ్గాలి. తిరిగి పెరిగిందంటే అక్కడున్నది పెరిగే గుణమున్న ప్రాణి అయ్యుండాలి, లేదా ఎక్కడి నుంచో నిరంతరం వచ్చి పడుతుండాలి. నీటిలో తేలే బ్యాక్టీరియానే తీసుకుందాం. నాలుగో వంతు నీరు మారిస్తే బ్యాక్టీరియా కూడా నాలుగో వంతే పోతుంది. మిగిలిన 75 మళ్లీ 100 కావడానికి దాని రెట్టింపు కాలంలో సగం కూడా పట్టదు. ఆహారం అందుతున్నంతవరకు అది కొన్ని గంటల పని.

తర్వాత నీటిని వడగట్టే గుడ్డ సంచులైన ఫిల్టర్ సాక్‌లు రోజూ మార్చారు. వాటి రంధ్రాలు 200 మైక్రాన్లవి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). బ్యాక్టీరియా పరిమాణం ఒక మైక్రాన్ అటూ ఇటూ. ఉత్తేజిత కార్బన్ కూడా వేశారు. అది నీటిలో కరిగిన రంగునూ కొన్ని సేంద్రియ పదార్థాలనూ పట్టుకుంటుంది తప్ప, తేలుతున్న కణాలు దాని పక్క నుంచే వెళ్లిపోతాయి.

సీసాలో దొరికే బ్యాక్టీరియా కలిపారు. ట్యాంకులో మంచి బ్యాక్టీరియా చాలక ఇలా జరిగిందేమోనని ఆవిడ ఊహ. కొత్తగా పెట్టిన ట్యాంకుకైతే ఆ ఊహ కొంత వర్తించవచ్చు. ఏడాదిన్నర వయసున్న రాళ్లున్న చోట బ్యాక్టీరియా కొరత ఉండదు, ఉన్నది మితిమీరడమే ఇక్కడి సమస్య.

చివరిగా నీటిని తేర్చే మందు వాడారు. అది సన్నని కణాలను ముద్దలుగా కూర్చి ఫిల్టర్‌కు చిక్కేలా చేస్తుంది. ఒక రోజంతా నీరు అద్దంలా మెరిసిందట. మూడో రోజుకు మళ్లీ తెలుపు. పైగా ఆ మందుతో స్కిమ్మర్ విపరీతంగా నురగెత్తి కప్పు పొంగిపోతుంటే, నేల తడుస్తోందని స్కిమ్మర్‌ను ఆపేశారు. చేపలు పైకి రావడం సరిగ్గా ఆ రాత్రి నుంచే మొదలైందని పుస్తకం చూస్తే తెలిసింది.

మొదటి నిర్ణయం: ముందు గాలి

కారణం తెలియకముందే చేయాల్సిన పని ఒకటుంది, అది ఆక్సిజన్. 26 డిగ్రీల సెల్సియస్ వద్ద, సముద్రపు లవణీయత ఉన్న నీటిలో ఆక్సిజన్ నిండుగా కరిగితే లీటరుకు సుమారు 6.6 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆ ఉదయం లైట్లు వెలగకముందు నా మీటరు 4.3 చూపించింది. నీటిలోని కోట్ల బ్యాక్టీరియా, చేపలు, పగడాలు రాత్రంతా ఆ కొద్ది ఆక్సిజన్‌నే పంచుకుంటున్నాయి. వెలుతురు లేనప్పుడు దాన్ని తయారుచేసే నాచు కూడా వాడేదే అవుతుంది.

స్కిమ్మర్‌ను వెంటనే నడిపించాను, కాకపోతే కప్పు తీసేసి. నురగ తిరిగి సంప్‌లోకే పడుతుంది, మలినం బయటికి పోదు. అయినా ఆ పూటకు నాకు కావలసింది అది నీటిలోకి నూరిపోసే గాలి. ఒక వేవ్‌మేకర్‌ను నీటి పైపొర అలలుగా కదిలేలా పైకి తిప్పాను. సంప్‌లో సన్నని బుడగలు వదిలే గాలి రాయి వేశాను. రెండు గంటల్లో 5.7కు చేరింది. ఇక నెమ్మదిగా ఆలోచించడానికి వీలు చిక్కింది.

యూవీ గొట్టం నా దగ్గర ఉంది, బిగించలేదు. దీని మీద యజమానికి కొంత అసంతృప్తి కలిగింది, అది సహజం కూడా. తేలే బ్యాక్టీరియా అయితే యూవీ రెండు మూడు రోజుల్లో నీటిని తేటపరచగలదు. కానీ అది ఆ గొట్టం గుండా వెళ్లిన బ్యాక్టీరియాను చంపుతుందే గానీ, దాన్ని పోషిస్తున్నదేమిటో చెప్పదు. పోషకం అలాగే పడుతూ ఉంటే రాళ్ల మీద, పైపుల్లో జిగురు పొరలుగా పెరుగుతుంది. ఆక్సిజన్ ఖర్చు తప్పదు. లోపల ఏదో జరుగుతోందని నాకు చెబుతున్నది ఆ తెలుపొక్కటే, కారణం దొరక్కముందు దాన్ని చెరిపేయడం నాకిష్టం లేదు. చేపలు మళ్లీ పైకి వస్తే మాత్రం ఆ క్షణమే యూవీ పెడదామని ఇద్దరం ఒప్పుకున్నాం.

యాంటీబయాటిక్ మాట కూడా వచ్చింది. దానికి నేను ఒప్పుకోలేదు. తేలే బ్యాక్టీరియాతో పాటు రాళ్లలో ఉండి అమ్మోనియాను శుద్ధి చేసే బ్యాక్టీరియా కూడా దెబ్బతినే ప్రమాదముంది. ఊపిరాడని చేపలకు అమ్మోనియా తోడైతే నీరు తేరినా లోపల ఏమీ మిగలదు.

రెండు గాజు జాడీలు

తెల్లని నీటిని ముందు గాజు జాడీలో పట్టి చూడాలి. ట్యాంకులో ప్రవాహం ఉంటుంది కాబట్టి బరువైనదీ తేలుతుంది, తేలికైనదీ తేలుతుంది. జాడీలో దాన్ని కదిపేవాళ్లుండరు. బుడగలైతే నిమిషాల్లో పైకి పోతాయి. ఇసుక ధూళి, సున్నపు రేణువులు అయితే కొన్ని గంటల్లో అడుగుకు చేరి పైన తేట మిగులుతుంది. ఇక్కడి నీరు సాయంత్రం దాకా ఉంచినా పైనా కిందా ఒకే తెలుపు. కొద్దిగా వేరే గ్లాసులోకి తీసి వెనిగర్ చుక్కలు వేస్తే మార్పు లేదు, అంటే కార్బొనేట్ కాదు. చీకట్లో టార్చి వేస్తే విడివిడి రేణువులు కనబడకుండా వెలుతురు బాట మొత్తం ఒకేలా మెరిసింది. బ్యాక్టీరియా అనడానికి ఇవన్నీ సరిపోతాయి.

కానీ బ్యాక్టీరియా అని తెలియడం సగం జవాబే. ఒకసారి ఏదో కుళ్లి, ఆ విస్ఫోటం ఇంకా అణగలేదా? లేక ఇప్పటికీ ఏదో ఆహారం వచ్చి పడుతోందా? ఈ రెండింటికీ చేయాల్సినవి వేరు. మొదటిదైతే గాలి ఇచ్చి ఓపిక పడితే చాలు. రెండోదైతే ఎంత ఓపిక పట్టినా లాభం లేదు.

అందుకు రెండు జాడీల్లో ట్యాంకు నీరు నింపి, రెండింట్లోనూ గాలి గొట్టం పెట్టి, ట్యాంకు ఉన్న గదిలోనే ఉంచమన్నాను. ఒక జాడీలో ఇంకేమీ కలపకూడదు. రెండో జాడీలో రోజూ చేపలకు వేసే మేత కరిగిన నీరు నాలుగు చుక్కలు వేయాలి. ఆహారం ట్యాంకులోనే ఎక్కడో ఉంటే, దాని నుంచి వేరు చేసిన మొదటి జాడీ తేరుకోవాలి.

రెండో రోజు సాయంత్రానికి మొదటి జాడీ తేరుకుంది. తిండి అయిపోయిన బ్యాక్టీరియా కొంత చచ్చి, కొంత సూక్ష్మజీవులకు ఆహారమై, అడుగున పలచని మడ్డి మిగిలింది. మేత చుక్కలు పడిన జాడీ కాస్త మసకగా ఉన్నా ట్యాంకంత తెల్లగా లేదు. ట్యాంకు మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఏదో ఒకటి ట్యాంకులోకి ఇంకా వచ్చి పడుతూనే ఉంది, అది మేత కంటే ఘాటైనది.

పడుతున్నదేమిటి?

ఇక్కడే యజమాని పుస్తకం ఆదుకుంది. నెల కిందట నైట్రేట్ 8 పీపీఎం (పది లక్షల భాగాల్లో 8), ఫాస్ఫేట్ 0.06. ఇప్పుడు రెండూ కిట్లకు అందనంత తక్కువ. అమ్మోనియా సున్నా.

రాయి వెనక చేపో నత్తో చచ్చి కుళ్లుతుంటే ఇలా ఉండదు. మాంసం కుళ్లితే కార్బన్‌తో పాటు నత్రజని, భాస్వరం కూడా విడుదలవుతాయి. అమ్మోనియా కనబడాలి, ఫాస్ఫేట్ పెరగాలి. మేత ఎక్కువైనా అంతే. ఇక్కడ జరుగుతున్నది తలకిందుగా ఉంది. బ్యాక్టీరియా తన ఒళ్లు కట్టుకోవడానికి కావలసిన నైట్రేట్, ఫాస్ఫేట్‌లను నీటిలోంచి ఊడ్చేస్తోంది. అంటే దానికి బయటి నుంచి అందుతున్నది దాదాపు కార్బన్ ఒక్కటే. చక్కెర, ఆల్కహాల్, వెనిగర్ లాంటిదేదో.

పీహెచ్ ఉదయం 7.75 ఉంది. ఇది బ్యాక్టీరియా ఊపిరితో పెరిగిన కార్బన్ డయాక్సైడ్‌తోనూ రావచ్చు, ఆమ్లం పడటంతోనూ రావచ్చు. ఒక్క ఈ అంకె ఆధారంగా ఏదీ తేల్చలేం.

అనుమానితులను ఒక్కొక్కరినే తీసేస్తూ వచ్చాం. అమైనో ఆమ్లాల్లో నత్రజని ఉంటుంది, పైగా రోజుకు పడేది కొద్ది చుక్కలే. పగడాలను అతికించే పుట్టీ ఈ మధ్య వాడలేదు. గదిలో రంగులు వేయలేదు, స్ప్రేలు కొట్టలేదు. బ్యాక్టీరియాకు ఆహారంగా కార్బన్ గుళికలు వాడే రియాక్టర్ లేదు. "వెనిగర్ గానీ వోడ్కా గానీ ఎప్పుడైనా వాడారా?" అని అడిగితే, ఏడాది కిందట నైట్రేట్ ఎక్కువున్నప్పుడు రోజుకు 15 మిల్లీలీటర్ల వెనిగర్ వేశామనీ, తగ్గాక మానేశామనీ చెప్పారు. మానేయడం అంటే ఏం చేశారని అడిగాను. పంపు మెనూలో నాలుగో తలను ఆఫ్ చేశారట.

అప్పుడు క్యాబినెట్‌లోకి టార్చి పట్టుకుని దూరాను. సంప్ అంచుకు నాలుగు సన్నని గొట్టాలు క్లిప్‌తో బిగించి ఉన్నాయి. మూడింటి కొసలు శుభ్రంగా ఉన్నాయి. నాలుగోదాని కొస నుంచి తడిసిన దూది పోగుల్లాంటి తెల్లని జిగురు వేలాడుతోంది. గొట్టం వెంటే పైకి వెళితే పంపు మీది అరలో, వెనక వరసలో, లోపలిది కనబడని రెండు లీటర్ల సీసా. ఊపి చూస్తే మూడో వంతే ఉంది. ఆపేసిన రోజున మెడ దాకా నిండి ఉందని ఆవిడకు బాగా గుర్తుంది.

జిగురు చూసి, సీసా చూసి ఇదేనని తీర్మానించేయవచ్చు. కొలిచే దాకా ఆగాను. గొట్టం కొసను కొలగాజులో పెట్టి రెండు గంటలు ఉంచితే 5 మిల్లీలీటర్లు చేరింది. అంటే రోజుకు 60, ఒకప్పుడు లెక్క ప్రకారం వేసినదానికి నాలుగు రెట్లు. మూడు వారాలకు సుమారు 1.3 లీటర్లు, సీసాలో తగ్గిన మేరకు దగ్గరగా ఉంది.

ఆగి ఉన్న పంపు నుంచి ఎలా కారుతుంది? ఈ పంపుల్లో కవాటం ఉండదు. రోలర్ ఒకటి మెత్తని గొట్టాన్ని నొక్కి పట్టి ఉంచడమే కవాటం. తల తిరుగుతున్నంత కాలం నొక్కుడు చోటు మారుతూ ఉంటుంది. నెలల తరబడి ఒకేచోట నొక్కి వదిలేస్తే రబ్బరు అక్కడ చచ్చుబడి, పగులు వారి, పూర్తిగా మూసుకోవడం మానేస్తుంది. సీసా గొట్టం కొస కంటే ఎత్తున ఉంది కాబట్టి మిగతా పని భూమ్యాకర్షణ చూసుకుంది. చాలామంది గొట్టం కొస నీటికి తగలకుండా పైన ఉంచితే చాలనుకుంటారు. అది సంప్ నీరు వెనక్కి సీసాలోకి పాకకుండా ఆపుతుంది, అంతే. సీసాలోది కిందికి జారకుండా ఉండాలంటే సీసా కూడా కొస కంటే కిందే ఉండాలి. రెండు జాగ్రత్తలూ కావాలి.

నీరు తేరుకోవడం

గొట్టం ఊడదీసి, సీసా బయట పెట్టేశాం. అసలు వైద్యం అదే. స్కిమ్మర్‌కు కప్పు తిరిగి పెట్టి, నురగ కాస్త తడిగా పొంగేలా సర్దాను. చచ్చే బ్యాక్టీరియా కుళ్లి నత్రజనిని తిరిగి నీటిలోకి వదలకముందే బయటికి పోవాలి. అదే భయంతో ఆ మూడు రోజులూ అమ్మోనియా పరీక్షించమన్నాను, సున్నా దాటలేదు. మర్నాడు సాయంత్రానికి అవతలి రాయి అంచు కనిపించింది. మూడో రోజుకు నీరు పూర్తిగా తేరుకుంది. యూవీ అవసరం రాలేదు. అప్పుడు పది శాతం నీరు మార్పించాను. నీరు మార్చడం అంతకుముందు వృథా అయిందంటే కారే గొట్టం తెరిచి ఉన్నందువల్లే, ఇప్పుడు మార్చింది మార్చినట్టు నిలుస్తుంది.

నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు పడిన ట్యాంకును అలా వదలకూడదు. ఆ ఖాళీలో డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు ఇసుక మీద గోధుమరంగు జిగురుగా పరుచుకునే అవకాశం ఎక్కువ. అందుకే ఫాస్ఫేట్‌ను పీల్చే పదార్థాన్ని తీయించి, మేత కాస్త పెంచాం. నీరు ఇప్పుడే తేరింది, మేత పెంచడమేమిటని యజమాని సంశయించారు. మేతలో కార్బన్, నత్రజని, భాస్వరం మూడూ కలిసి ఉంటాయి, ఇన్నాళ్లూ పడింది కార్బన్ ఒక్కటే అని వివరించాక ఒప్పుకున్నారు.

ఆల్కలినిటీ ఇంకో చిక్కు. అది 10.6 డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలమానం) ఉంది, ఆవిడ ఎప్పుడూ ఉంచేది 8.4. పుస్తకం తిరగేస్తే కథ అర్థమైంది. మబ్బు మొదలైన వారంలోనే అది 8.4 నుంచి 7.3కు పడింది. వెనిగర్ ఆమ్లం కనుక ఆల్కలినిటీని తినేస్తుంది. అయితే బ్యాక్టీరియా ఆ వెనిగర్ నుంచి వచ్చే ఎసిటేట్‌ను కాల్చేశాక పోయిన ఆల్కలినిటీ తిరిగి వస్తుంది. మొదటి రోజుల్లో బ్యాక్టీరియా ఇంకా పుంజుకోలేదు కాబట్టి తగ్గుదల కనబడింది. ఆవిడ దాన్ని పగడాలు వాడేశాయనుకుని డోసును సగం పెంచారు. తర్వాత పోయింది తిరిగొచ్చింది, ముడుచుకున్న పగడాలు వాడటం తగ్గించాయి, పంపు మాత్రం పెంచిన డోసే పోస్తూ ఉంది. మొదటి తలను ఆపించి, 8.5కు దిగేదాకా ఏమీ వేయవద్దని రాసి ఇచ్చాను. మెగ్నీషియం 1180 పీపీఎం ఉంది, సముద్రంలో 1280కి పైన ఉంటుంది. అది నెమ్మదిగా పెంచే పని తర్వాత మొదలుపెడదామనుకున్నాం.

రెండో తెలుపు

వారం లోపే ఫొటో వచ్చింది. "మళ్లీ వచ్చేసింది." చూడటానికి నిజంగా అదే తెలుపు. వెనిగర్ సీసా ఇంట్లోనే లేదు.

నేను అడిగిన మొదటి ప్రశ్న ఎంతసేపట్లో వచ్చిందని. పది నిమిషాల్లోనట. మధ్యాహ్నం అద్దంలా ఉన్న నీరు కళ్ల ముందే తెల్లబడిందట. బ్యాక్టీరియా ఎంత తొందరపడినా పది నిమిషాల్లో అంత కాలేదు. అంత వేగంగా తెల్లబడితే బుడగలు కావాలి, లేకపోతే రసాయనిక అవక్షేపం (నీటిలో కరిగినది గట్టి రేణువులుగా విడిపోవడం) కావాలి. అంతకుముందు ఏం కలిపారని అడిగాను. డోసు ఆపి రోజులవుతోంది, పగడాలకు కొరత వస్తుందేమోనని ఆల్కలినిటీ పెంచే సోడియం కార్బొనేట్ పొడిని నీటిలో కరిగించి, సంప్‌లో రిటర్న్ పంపు ఉన్న అరలో ఒక్కసారిగా పోశారట. ఒకటిన్నర డీకేహెచ్ పెంచే మోతాదు.

ఆవిడ భయం నాకు అర్థమైంది. ఈ ఇబ్బంది అంతా ఆల్కలినిటీ తగ్గడంతోనే మొదలైందని ఆవిడ మనసులో నాటుకుపోయింది, పుస్తకంలో మొదట మారిన అంకె అదే మరి. కానీ పరిస్థితులన్నీ అవక్షేపానికి అనుకూలంగా కలిసొచ్చాయి. ఆల్కలినిటీ అప్పటికే 10.2, మెగ్నీషియం తక్కువ. క్యాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు పేరుకోకుండా ముఖ్యంగా అడ్డుపడేది మెగ్నీషియమే. బ్యాక్టీరియా వదిలే కార్బన్ డయాక్సైడ్ పోయింది కాబట్టి మధ్యాహ్నపు పీహెచ్ 8.4 దాటింది. అలాంటి నీటిలో సోడియం కార్బొనేట్ ద్రావణం కుప్పగా పడితే, పడినచోట పీహెచ్ ఇంకా ఎగిరి, సున్నపు రేణువులు పుట్టుకొస్తాయి. ఒకసారి పుట్టాక వాటి మీదే మరిన్ని పేరుకుంటాయి.

ఫోనులోనే జాడీ పరీక్ష చేయించాను. రాత్రికి జాడీ అడుగున తెల్లని పొడి, పైన తేట. పొడిని కలిపి వెనిగర్ వేస్తే సన్నగా పొంగి నీరు తేటబడింది.

ఆల్కలినిటీ కొలిచే ముందు ఒక జాగ్రత్త చెప్పాను. ఆ కిట్‌లో వాడేది ఆమ్లం. నీటిలో సున్నపు రేణువులు ఉండగా పరీక్షిస్తే అవి కూడా కరిగి లెక్కలోకి వచ్చి అంకెను పెంచేస్తాయి. అందుకే తేరిన జాడీ పైనున్న నీటితోనే చేయాలి. అలా చేస్తే 8.4 వచ్చింది. పోసినది కలుపుకుంటే 11.7 ఉండాల్సింది, అంటే 3.3 డీకేహెచ్ రాలిపోయింది. క్యాల్షియం కార్బొనేట్‌గా రాలితే ఒక్కో డీకేహెచ్‌కు దాదాపు 7 పీపీఎం క్యాల్షియం కూడా పోవాలి, అంటే 23, 24. క్యాల్షియం 440 నుంచి 415కు తగ్గింది. ఇంటి కిట్లతో ఇంతకంటే దగ్గరి లెక్క ఆశించలేం.

ఈసారి చేయాల్సింది చాలా తక్కువ, చేయకూడనిదే ఎక్కువ. తగ్గిన ఆల్కలినిటీని తిరిగి పెంచడానికి ఏమీ పోయకూడదు, పోసినదంతా ఆ రేణువుల మీదికే చేరుతుంది. యూవీకి ఇక్కడ చంపడానికి ఏమీ లేదు. హడావుడిగా నీరు మార్చినా క్యాల్షియం, ఆల్కలినిటీ నిండుగా ఉన్న కొత్త నీటిని అదే పరిస్థితిలోకి పోసినట్టే. లైట్లు తొందరగా ఆర్పించి, స్కిమ్మర్ నడుస్తూ ఉండనిచ్చి, సన్నని ఫిల్టర్ సాక్ పెట్టించాను. చేపలు మామూలుగానే తిరుగుతున్నాయి. ఈ తెలుపు ఆక్సిజన్‌ను తినదు కనుక ఆ రాత్రి నాకు కంగారు లేదు. తెల్లవారేసరికి నీరు తేటగా ఉంది.

తేటబడినా రేణువులు మాయం కాలేదు, ఎక్కడో పేరుకున్నాయి. రిటర్న్ పంపు విప్పితే నీటిని తోసే చక్రం (ఇంపెల్లర్) చుట్టూ గరుకు పొర, హీటరు గాజు మీద తెల్లని పెచ్చు. రెండింటినీ బయటికి తీసి వెనిగర్ నీటిలో నానబెట్టి, బాగా కడిగి పెట్టాం. ఇన్నాళ్ల వేధింపు తర్వాత అదే వెనిగర్ చేత పని చేయించుకోవడం చూసి ఆవిడ నవ్వారు.

తర్వాత

మెగ్నీషియాన్ని రోజుకు 30 పీపీఎం మించకుండా 1300 దాకా తెచ్చాం. ఆల్కలినిటీ, క్యాల్షియం గొట్టాల కొసలను సంప్‌లో ఎదురెదురు మూలలకు మార్చి, ఒకటి పోసిన గంటకు గానీ రెండోది పోయకుండా వేళలు సర్దాం. ఆల్కలినిటీ డోసును రోజంతా చిన్న చిన్న మోతాదులుగా పంచాం, ఎక్కువ భాగం పీహెచ్ తక్కువుండే రాత్రివేళకు. సీసాలన్నీ క్యాబినెట్ అడుగుకు దిగాయి, లోపలి మట్టం కనబడేలా పారదర్శకమైనవి తెచ్చారు. పంపు తలల్లో గొట్టాలన్నీ మార్చేశారు. నాలుగో తలలో గొట్టమే లేదు.

ఒక అక్రోపోరా కొమ్మ దక్కలేదు. పోషకాలు సున్నాకు పడి ఆల్కలినిటీ పదికి పైన ఉన్న ఆ రోజుల్లో దాని కొసలు కాలినట్టు తెల్లబడి, కణజాలం కిందికి ఊడుతూ పోయింది. మిగతావి కోలుకున్నాయి. రెండు నెలలకు నైట్రేట్ 5 దగ్గర, ఫాస్ఫేట్ 0.04 దగ్గర నిలబడ్డాయి. ఇసుక మీద ఒక వారం గోధుమ రంగు పొర కనిపించి, పోషకాలు తిరిగొచ్చాక దానంతట అదే తగ్గింది.

నీరు తెల్లబడిందన్న కేసుకు వెళ్లే ముందు నేను ఫోనులో అడిగే ప్రశ్నలు ఇప్పుడు కొన్ని మారాయి. ఎంత తెల్లగా ఉందన్నదాని కంటే ముందు ఎంతసేపట్లో తెల్లబడిందని అడుగుతున్నాను. ట్యాంకులో ఏమేం వేస్తున్నారని అడగడంతో పాటు, ట్యాంకు దాకా వచ్చే ప్రతి గొట్టాన్నీ, దాని అవతలి కొసనున్న సీసానూ ఫొటో తీసి పంపమంటున్నాను, వాడనివి కూడా. జాడీలో ఆ పూటే నీరు పట్టి కదపకుండా పెట్టమంటున్నాను. నేను చేరేసరికి సగం పరీక్ష అయిపోయి ఉంటుంది.